మాఫీ చేసే హక్కు ఎవరిది?

"మీ వాళ్ల చట్టమైతే చేతులు నరికేస్తారుగా!"

ఈ మాట మాకు కొత్త కాదు. బస్సులో పక్క సీటాయన అంటాడు. ఆఫీసులో టీ తాగుతూ తోటి గుమాస్తా అంటాడు. పేపర్లో ఏ అత్యాచారం వార్తో వచ్చిన రోజున "అరబ్బు దేశాల్లోలాగా చేస్తేగానీ వీళ్లకు బుద్ధి రాదు" అని ఒకాయన మొదలుపెడతాడు, చివరికి చూపు మా మీదికి తిప్పుతాడు. మెచ్చుకుంటున్నాడో వెక్కిరిస్తున్నాడో ఆయనకే తెలీదు. షరియత్ అంటే కత్తి, కొరడా, రాళ్లు. మేమంటే ఆ కత్తి పట్టుకున్న చెయ్యి. ఇంతకుమించి మా చట్టం గురించి ఎవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు. నిజం చెప్పుకోవాలంటే మాలో చాలామందికీ రాలేదు.

ఈ బొమ్మ ఎవరు గీశారో వెతుక్కుంటూ చరిత్రలోకి పోతే మాకొక విచిత్రం కనిపించింది. రెండొందల యాభై ఏళ్ల కింద ఈ దేశాన్ని చేజిక్కించుకున్న ఇంగ్లీషు కంపెనీ వాళ్లు మా చట్టం మీద చేసిన ఫిర్యాదు దీనికి పూర్తిగా ఎదురు. మహమ్మదీయుల చట్టం మరీ మెతక అన్నారు వాళ్లు. రక్తం చిందించడానికి జంకే చట్టమని, దీంతో దొంగల్ని అణచలేమని 1773లో వారన్ హేస్టింగ్స్ తన కౌన్సిలుకు రాసుకున్నాడు. అంతకు ముందటేడు, 1772లో, ఆయన పెట్టిన నిబంధనల్లో ఒకటి ఏమిటంటే బందిపోటును అతని సొంత ఊళ్లోనే ఉరి తీయాలి, అతని పెళ్లాం బిడ్డల్ని ప్రభుత్వానికి బానిసలుగా పట్టుకోవాలి, ఊరంతటికీ జుర్మానా వెయ్యాలి. చేసిన తప్పుకు భార్యాబిడ్డల్ని శిక్షించడమనేది మా ఫిఖ్‌హ్‌లో ఎక్కడా లేదు. ఎవరిది కత్తి, ఎవరిది మెతక అనేది పాఠకులే తేల్చుకోవచ్చు.

కంపెనీ వాళ్లకు అంతగా మింగుడుపడని విషయం ఏమిటో చూద్దాం.

1765లో కంపెనీకి బెంగాల్ దివానీ దక్కింది. అంటే పన్నులు వసూలు చేసుకునే అధికారం. నేరాల విచారణ, అంటే నిజామత్, పేరుకు నవాబు దగ్గరే ఉండిపోయింది. 1772లో హేస్టింగ్స్ ఒక్కో జిల్లాకు ఒక ఫౌజ్‌దారీ అదాలత్ పెట్టించాడు. ఖాజీ, ముఫ్తీ, ఇద్దరు మౌల్వీలు అందులో కూర్చునేవాళ్లు. పైన సదర్ నిజామత్ అదాలత్. విచారణంతా హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం. హిందువైనా ముసల్మానైనా నేరానికి అదే చట్టం.

ఆ చట్టంలో శిక్షలు మూడు రకాలు. హద్దు, అంటే ఖురాన్‌లోనో హదీసులోనో కొలత తేలిపోయినవి. (మన తెలుగులో పొలం హద్దు, హద్దు మీరడం అనే మాటలు ఇక్కడివే.) తాజీర్, అంటే ఖాజీ విచక్షణకు వదిలినవి. మూడోది ఖిసాస్. హత్య, గాయం ఇందులోకి వస్తాయి. ఇక్కడే అసలు సంగతి ఉంది. హత్య అనేది రాజుకు వ్యతిరేకంగా జరిగిన నేరం కాదు, చచ్చిపోయినవాడి కుటుంబానికి జరిగిన అన్యాయం. కాబట్టి ముందుకొచ్చి అడగాల్సింది వారసులు. వాళ్ల ముందు మూడు దారులుంటాయి. ప్రాణానికి ప్రాణం అడగొచ్చు. దియత్, అంటే ఖూన్‌బహా తీసుకుని వదిలేయొచ్చు. ఏమీ తీసుకోకుండా క్షమించొచ్చు. సూరె బఖరాలోని 178వ ఆయత్ ప్రాణానికి ప్రాణమని చెప్పిన నోటితోనే క్షమించేవాణ్ని హంతకుడికి సోదరుడని పిలుస్తుంది. వారసుల్లో ఒక్కరు క్షమించినా చాలు, హనఫీ లెక్కన ఉరి పోతుంది. మిగతావాళ్లకు దియత్‌లో వాటా మాత్రమే మిగులుతుంది.

అలాగని పాలకుడి చేతులు కట్టేసినట్టు కాదు. వారసులు క్షమించినా, హంతకుడు జనానికి ప్రమాదమనుకుంటే సియాసత్ పేరుతో వాణ్ని జైల్లో పెట్టే అధికారం సర్కారుకుంది. కానీ క్షమించే మొదటి హక్కు మాత్రం సర్కారుది కాదు. అది గుండె మండినవాళ్లది.

కంపెనీకి నచ్చనిది ఇదే. ఒక రైతు విధవరాలు "పోనీలెండి, వాడి పాపాన వాడే పోతాడు" అంటే కలకత్తాలో కూర్చున్న దొరగారి ఉరితాడు పనికిరాకుండా పోవడమా? 1790లో కారన్‌వాలిస్ మొహమ్మద్ రజాఖాన్‌ను తప్పించి, నిజామత్ అదాలత్‌ను ముర్షిదాబాదు నుంచి కలకత్తాకు తెచ్చుకున్నాడు. గవర్నర్ జనరలూ కౌన్సిలూ తామే న్యాయమూర్తులయ్యారు. ఆ డిసెంబరులో రెండు మార్పులు తెచ్చారు. హత్యలో వాడిన ఆయుధం కాదు, ఉద్దేశం చూడాలన్నది మొదటిది. ఇందులో పెద్ద గొడవ లేదు. ఇమామ్ అబూ హనీఫా ఆయుధాన్ని చూడమన్నాడు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ఇమామ్ మొహమ్మద్ ఆ విషయంలో గురువుతో విభేదించారు. కంపెనీ శిష్యుల మాట తీసుకుంది. రెండోదే మాడు పగలగొట్టింది. ఇకమీదట చచ్చిపోయినవాడి బంధువులకు శిక్ష తగ్గించే, మాఫీ చేసే హక్కు లేదు. 1792లో ఇంకో అడుగు వేశారు. వారసులు ఫిర్యాదుకు రాకపోయినా, రానన్నా కేసు పైకి పోవాల్సిందే.

దీన్ని అమలు చేసిన తీరు చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఖాజీలు, ముఫ్తీలు కోర్టులోనే ఉన్నారు. ఫత్వా వాళ్లే రాయాలి. వారసులు క్షమిస్తే ఫత్వాలో ఉరి రాయడానికి వీల్లేదు కదా? అందుకని 1793 రెగ్యులేషన్లో ఒక ఉపాయం చేశారు. ముఫ్తీని ఇలా అడగాలి: "వారసులంతా ఖిసాస్ కోరారనే అనుకో. అప్పుడు నీ ఫత్వా ఏమిటి?" ముఫ్తీ "అప్పుడైతే ఉరి" అని రాస్తాడు. దాన్నిబట్టి ఉరి. కోర్టు బయట తల్లి క్షమించి కూర్చుంది. కోర్టు లోపల ఆమె క్షమించనట్టే లెక్క. మా ముఫ్తీ చేతనే, మా కితాబు చూపించే, ఆమె నోటి మాటను చెరిపించారు. ఖాజీ కుర్చీ అలాగే ఉంది, తలపాగా అలాగే ఉంది. మాఫీ మాత్రం మెట్లెక్కి గవర్నర్ జనరల్ దగ్గరికి పోయింది. సర్క్యూట్ జడ్జికి ఎవరి మీదైనా జాలి కలిగితే నిజామత్ అదాలత్‌కు రాయాలి. వాళ్లకు నచ్చితే గవర్నర్ జనరల్‌కు సిఫార్సు చేయాలి. శిక్ష తగ్గించమని ఎవరు, ఎక్కడ, ఎవరిని అడగాలనే ప్రశ్న ఈ దేశంలో పుట్టింది అప్పుడే. అంతకు ముందు అలాంటి ప్రశ్నకు జవాబు ఆ ఇంటి గడప దగ్గరే ఉండేది.

ఒక మాట ఒప్పుకోవాలి. చేతులు కాళ్లు నరకడాన్ని 1791లో ఆపింది కంపెనీయే. రెండు అవయవాలు పోవాల్సినవాడికి 14 ఏళ్లు, ఒకటి పోవాల్సినవాడికి 7 ఏళ్లు కఠిన ఖైదు అని లెక్క కట్టారు. దీన్ని మేం తప్పుపట్టం. కానీ చేతులు వదిలిపెట్టిన చట్టమే మెడల్ని మాత్రం గట్టిగా పట్టుకుంది. చరిత్ర పుస్తకాలు మొదటి సగమే రాస్తాయి.

మన వైపుకి ఇదంతా 1802లో వచ్చింది. మద్రాసులో సదర్ ఫౌజ్‌దారీ అదాలత్ పెట్టారు. ఉత్తర సర్కార్ల వైపు కేసులకు మచిలీపట్నంలో కోర్టు వచ్చింది. 1832లో బెంగాల్లో ఫత్వా లేకున్నా పర్వాలేదన్నారు. 1862 నుంచి పీనల్ కోడు అమలైంది. 1864లో ఖాజీల, ముఫ్తీల కోర్టు ఉద్యోగాలే పోయాయి. మా ఖాజీ నిఖా రిజిస్టరు దగ్గర మిగిలాడు.

పోయినవాళ్లు మాటలు వదిలి పోయారు. తెలుగు కోర్టు భాష సగం మాదే. వకీలు, ఫిర్యాదు, దావా, జామీను, హాజరు, రద్దు, ఖైదీ. అయితే ఆ మాటలకు ఏ గతి పట్టిందో చూడండి. ముద్దయీ అంటే అరబ్బీలో దావా వేసినవాడు, న్యాయం అడగడానికి వచ్చినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. రాజీనామా అంటే రెండు పక్షాలూ ఒప్పుకుని రాసుకున్న కాగితం. తెలుగులో అది ఉద్యోగం మానేసే ఉత్తరం అయింది. మాఫీ అంటే క్షమించడం. ఇప్పుడది బ్యాంకు అప్పులకు, ఎన్నికల మేనిఫెస్టోలకు పనికొస్తోంది. న్యాయం అడగొచ్చినవాడే బోనెక్కడం ఒక్క నిఘంటువులోనే జరిగితే మేం ఇది రాసేవాళ్లం కాదు.

ఇంతదాకా చదివినవాళ్లు, మేం పాత ఖాజీ కోర్టుల్ని తిరిగి పెట్టమంటున్నామని అనుకోవద్దు. వారసుడి చేతిలో మాఫీ ఉంటే ఏమవుతుందో మాకూ తెలుసు. డబ్బున్నవాడు లేనివాడి దుఃఖాన్ని కొంటాడు. తండ్రి బిడ్డను చంపితే హనఫీ ఫిఖ్‌హ్‌లో ఖిసాసే లేదు. అన్న చెల్లెల్ని చంపితే వారసులెవరు? హంతకుణ్ని కన్న అమ్మానాన్నలే. పాకిస్తాన్ 1990లో ఈ చట్టాన్ని మళ్లీ తెచ్చుకుంది. 2016 జులైలో ఖందీల్ బలోచ్‌ను పరువు పేరుతో తమ్ముడే చంపాడు. ఆ గొడవతో అక్కడి పార్లమెంటు ఆ ఏడే చట్టం మార్చింది. వారసులు క్షమించినా పరువు హత్యకు యావజ్జీవం తప్పదంది. 2019లో అతనికి యావజ్జీవం పడింది. 2022 ఫిబ్రవరిలో హైకోర్టు అతన్ని విడుదల చేసింది. తల్లి క్షమించింది మరి. ఖందీల్‌ను అడిగే వీలు లేదు. మా వాళ్లలో కొందరికి ఈ సంగతి రాయడం నచ్చదు. నచ్చకపోయినా రాయాలి. ఆడవాళ్ల నెత్తురు మీద సాగే మాఫీని దీన్ అనుకోమని మాకెవరూ చెప్పలేదు.

కాబట్టి మా ప్రశ్న పాత చట్టమా కొత్త చట్టమా అని కాదు. దెబ్బతిన్న మనిషి నోటి నుంచి లాక్కున్న ఆ హక్కు ఎవరి దగ్గరికి పోయింది, వాళ్లు దాన్నేం చేశారు అని.

ఇప్పటి చట్టంలో కోర్టు ఒకసారి తీర్పు మీద సంతకం పెట్టాక దాన్ని తానే మార్చుకోలేదు. అక్షరదోషాలు దిద్దుకోవచ్చు, అంతే. 1898 కోడులో ఇది 369వ సెక్షను, 1973 కోడులో 362, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 403. శిక్ష తగ్గించాలంటే పై కోర్టుకు అప్పీలు పోవాలి. ఆ దారి అయిపోయాక మిగిలేది ప్రభుత్వమే. రాజ్యాంగం 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతి, గవర్నరు. 1973 కోడు 432వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వం. గాంధీ హత్య కేసులో యావజ్జీవం పడ్డ గోపాల్ గాడ్సే నా శిక్ష అయిపోయింది, వదలమని సుప్రీంకోర్టుకు వెళ్తే, 1961లో కోర్టు చెప్పింది ఇదే. యావజ్జీవమంటే బతికున్నంత కాలం, తగ్గించడం మా పని కాదు, ప్రభుత్వం పని అని. 1964లో ప్రభుత్వం అతన్ని వదిలేసింది. చిన్న చిన్న దెబ్బల కేసుల్లో దెబ్బతిన్నవాడు రాజీ పడొచ్చు. హత్యలో పడ్డానికి లేదు. కారన్‌వాలిస్ గీసిన గీత అక్కడే ఉంది.

ఏ కోర్టుకు అధికారం ఉందనే ప్రశ్న మీద ప్రాణాలు వేలాడిన రోజులు తెలంగాణకు బాగా తెలుసు. సాయుధ పోరాటంలో పట్టుబడ్డ రైతుబిడ్డలకు 1949లో స్పెషల్ ట్రిబ్యునల్ ఉరిశిక్షలు వేసింది. హైదరాబాద్ హైకోర్టు ఆ డిసెంబరు మధ్యలో అప్పీళ్లు కొట్టేసింది. ఇంకో ఆరు వారాలకు, 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకొచ్చి సుప్రీంకోర్టు చెయ్యి హైదరాబాద్ దాకా చాచుకుంది. జనార్దన్‌రెడ్డి కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో ఇంగ్లండు నుంచి డి.ఎన్.ప్రిట్ వచ్చి వాదించాడు. తీర్పు ఆ తేదీకి ముందు వచ్చింది కాబట్టి అప్పీలు వినే అధికారం మాకు లేదంది కోర్టు. ఆరు వారాల తేడా! చివరికి ఆ ఉరిశిక్షలు యావజ్జీవాలుగా మారాయి. కోర్టు తీర్పు వల్ల కాదు.

దెబ్బతిన్నవాళ్లు ఈ మాఫీల కథలోకి తలుపు తోసుకుని వచ్చిన కేసు మన కర్నూలు నుంచే ఉంది. ఇద్దర్ని చంపిన కేసులో పదేళ్ల శిక్ష పడ్డ అధికార పార్టీ నాయకుడికి 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు పేర మిగతా శిక్ష మాఫీ అయింది. మాఫీ కోసం తయారైన రిపోర్టుల్లో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని కూడా రాశారు. చచ్చిపోయినవాళ్ల కొడుకులు సుప్రీంకోర్టుకు పోయారు. ఏపూరు సుధాకర్ కేసులో 2006 అక్టోబరులో కోర్టు ఆ మాఫీని కొట్టేసింది. కులం, మతం, పార్టీ చూసి మాఫీ ఇవ్వడం కుదరదంది. కొడుకులు వారసులుగా ఖిసాస్ అడగలేదు. మమ్మల్నడక్కుండా మా తండ్రుల చావును మాఫీ చేయడానికి మీరెవరని అడిగారు.

ఇక బిల్కిస్ బానో. ఆమె పేరు మేం దాచడం లేదు, ఆమే దాచుకోలేదు గనుక.

2002 మార్చి 3. గుజరాత్‌లో దాహోద్ జిల్లా. ఊరొదిలి పారిపోతున్న ఒక ముస్లిం కుటుంబం. బిల్కిస్‌కు అప్పుడు 21 ఏళ్లు, అయిదో నెల కడుపు. ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. మూడేళ్ల కూతురితో సహా ఆమె ఇంటివాళ్లను చంపారు. గుజరాత్‌లో న్యాయం దొరికేలా లేదని సుప్రీంకోర్టు సీబీఐకి దర్యాప్తు అప్పగించింది, 2004లో విచారణను ముంబయికి మార్చింది. 2008 జనవరి 21న ముంబయి ప్రత్యేక కోర్టు 11 మందికి యావజ్జీవం వేసింది. 2017లో బాంబే హైకోర్టు ఖాయం చేసింది.

శిక్ష తగ్గించే అధికారం ఎవరిదో 432వ సెక్షను ఏడో ఉపవిభాగం తేటగా చెబుతుంది. నేరం ఎక్కడ జరిగిందో అక్కడి ప్రభుత్వం కాదు, శిక్ష ఎక్కడ పడిందో అక్కడి ప్రభుత్వం. అంటే మహారాష్ట్ర. దోషుల్లో ఒకడు గుజరాత్ హైకోర్టుకు పోతే 2019లో ఆ కోర్టు మహారాష్ట్రకే పొమ్మంది. అక్కడ సీబీఐ వద్దంది, శిక్ష పడ్డ ముంబయి కోర్టు జడ్జీ వద్దన్నాడు. అప్పుడు ఆ మనిషి ఈ సంగతులు దాచిపెట్టి నేరుగా సుప్రీంకోర్టుకు పిటిషను వేశాడు. అందులో బిల్కిస్ పార్టీ కాదు. 2022 మే 13న ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, గుజరాత్ ప్రభుత్వానికే అధికారముందని, 1992 నాటి పాలసీ ప్రకారం చూడమని చెప్పింది. మాకు కాదు, మహారాష్ట్రకే అధికారమని ఆ కేసులో స్వయంగా వాదించిన గుజరాత్ ప్రభుత్వం తీర్పు వచ్చాక రివ్యూకు పోలేదు. ఇచ్చిన అధికారాన్ని చక్కగా వాడుకుంది. 2022 ఆగస్టు 15న, స్వాతంత్య్రదినం నాడు, గోధ్రా సబ్‌జైలు తలుపులు తెరుచుకున్నాయి. 11 మందీ బయటికొచ్చారు. వాళ్లకు మిఠాయి తినిపించారు, దండలు వేశారు.

ముందుగా ఆమెను ఎవరూ అడగలేదు. ఆ మాట ఆమె తన ప్రకటనలో చెప్పింది. లాహోరు హైకోర్టులో తల్లి మాఫీతో ఖందీల్ తమ్ముడు విడుదలైంది ఆ ఏడే. అక్కడ వారసుల నోటితో ఒక ఆడదాని నెత్తురు మాఫీ అయింది. ఇక్కడ ఆ నోరే లేకుండా అయింది. 1793లో ముఫ్తీని "వారసులు క్షమించలేదనే అనుకో" అన్నారు. 2022లో గాంధీనగర్‌లో "ఆమె లేదనే అనుకో" అనుకున్నారు.

ఆమె ఊరుకోలేదు. సుభాషిణీ అలీ, రేవతి లాల్, రూప్‌రేఖ వర్మ ముందుగా కోర్టుకు వెళ్లారు. మహువా మొయిత్రా వెళ్లింది. వీళ్లు ముస్లింలు కాదని లెక్కపెట్టే బుద్ధి మాకు లేదుగానీ, ఆ రోజుల్లో మా పెద్దమనుషుల్లో ఎందరు నోరు మెదిపారో మాకు గుర్తుంది. నవంబరు 30న బిల్కిసే స్వయంగా పిటిషను వేసింది. మే తీర్పు మీద ఆమె వేసిన రివ్యూను డిసెంబరులో కొట్టేశారు. మాఫీ మీద వేసిన పిటిషను నిలిచింది.

2024 జనవరి 8న జస్టిస్ నాగరత్న, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల బెంచి తీర్పు చెప్పింది. గుజరాత్‌కు అధికారం లేదు. మహారాష్ట్ర అధికారాన్ని అది లాక్కుంది. మే తీర్పు నిజాలు దాచి తెచ్చుకున్నది కాబట్టి చెల్లదు. రెండు వారాల్లో జైలుకు తిరిగి పోవాలి. జనవరి 21న, శిక్ష పడ్డ రోజుకు సరిగ్గా 16 ఏళ్లకు, 11 మందీ గోధ్రా సబ్‌జైల్లో లొంగిపోయారు. ఆ సెప్టెంబరులో గుజరాత్ వేసిన రివ్యూ కూడా పోయింది.

మేం సంతోషించాం. కొన్ని ఇళ్లలో ఆ రాత్రి సేమ్యా కూడా వండారు. అయినా తీర్పును జాగ్రత్తగా చదివితే గెలిచింది ఏ ప్రభుత్వానికి అధికారం అన్న వాదన. తప్పు రాష్ట్రం మాఫీ చేసింది కాబట్టి మాఫీ పోయింది. సరైన రాష్ట్రానికి మళ్లీ అర్జీ పెట్టుకునే దారి ఉంది.

కొత్త సంహితలో 360వ సెక్షను కింద సర్కారు ఒక కేసును ఉపసంహరించుకోవాలంటే ముందు బాధితుల మాట వినాలని రాశారు. మంచిదే. శిక్ష మాఫీ గురించిన సెక్షను 473. అందులో జడ్జి అభిప్రాయం అడగొచ్చని ఉంది. బాధితుల్ని అడగాలని ఎక్కడా లేదు.